రెండు చప్పట్ల మాట

మా ఆయన పని మాత్రలకు పూత వేయడం. డబ్లిన్ శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాడు. చేదు మాత్ర సులువుగా గొంతు దిగడానికి దాని చుట్టూ పలచటి పొర ఒకటి కడతారు. ఆ పొరను అక్కడ ఫిల్మ్ అంటారు. రోజుకు నలభైసార్లు ఆ మాట అనకుండా ఆ ఉద్యోగం చేయడం కుదరదు. మా ఆయనకేమో ఆ మాటకు నోరు తిరగదు. ఫిలిం అంటాడు. ల్‌కూ మ్‌కూ నడుమ ఒక ఇకారం దూరుస్తాడు. ఆ ఇకారం మీద నేను చేసిన యుద్ధం గురించి రాస్తున్నాను. ఓడిపోయి ఉంటే ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

మా నాన్న తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితుడు. ధర్మాన్ని ధరమం అన్నా, రత్నాన్ని రతనం అన్నా పిల్లల్ని బెంచీ ఎక్కించేవాడు. అదే నాన్న పదో తరగతి వ్యాకరణంలో ఆ లక్షణానికి స్వరభక్తి అని పేరు చెప్పి, రెండు హల్లులు పక్కపక్కన ఇమడలేనప్పుడు మధ్యకు ఒక అచ్చు వచ్చి చేరుతుందని, భక్తి అంటే ఇక్కడ దండం పెట్టడం కాదు భాగం అని, బోర్డు నిండా రాసి మురిసిపోతూ వివరించేవాడు. పుస్తకంలో ఉంటే శాస్త్రం, పాలవాడి నోట్లో ఉంటే మోటు. నేను ఆ ఇంట్లో పెరిగాను. దానికి తోడు ఇప్పుడు చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళ పనిలో తప్పులు వెతికిపెట్టినందుకే నాకు జీతం ఇస్తారు.

మా ఆయనది నల్గొండ వైపు పల్లె. పది దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత కష్టపడి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. పెళ్ళయిన మొదటి నెలలో ఒక సాయంత్రం నన్ను పిలిచి, "మంచి ఫిలిం నడుస్తున్నదట, పోదామా?" అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వాడు.

"ఫిల్మ్ అండీ," అన్నాను.

"పోస్టర్ల మీద గట్లనే రాస్తరు గద?"

"ఆ పోస్టర్లు రాసినవాడు కూడా మీ ఊరివాడే అయ్యుంటాడు లెండి."

మొదట్లో అది సరసమే. ఆయన కావాలని రెండుసార్లు అనేవాడు, నేను కావాలని అలిగేదాన్ని. ఐర్లండ్ వచ్చాక సరసం పోయి భయం పట్టుకుంది. అద్దె ఇల్లు చూడడానికి వెళ్ళేటప్పుడు, "మీరు నోరు విప్పకండి, నేను మాట్లాడతాను," అని కారులోనే చెప్పేసేదాన్ని. జీపీ డాక్టరుకు ఫోను చేయాలన్నా నేనే, లీజు గురించి ఓనరుతో మాట్లాడాలన్నా నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, మన నోరు బాగాలేకపోతే ఈ ఊళ్ళో మనల్ని ఎవరు లెక్కచేస్తారు అని ఆయనకు నూరిపోసేదాన్ని. ఆయన ఊ కొట్టేవాడు. ఊ కొట్టడంలో హల్లులు లేవు కాబట్టి అక్కడ నాకు పని ఉండేది కాదు.

పాప అయిదో ఏట బడిలో చేరింది. ఇక్కడ చిన్నపిల్లలకు మాటను ముక్కలు చేయడం చప్పట్లతో నేర్పిస్తారు. ఎన్ని ముక్కలుంటే అన్ని చప్పట్లు. టే-బుల్ రెండు, బ-నా-నా మూడు. ఆ ఆట చూడగానే నాకు ఉపాయం తట్టింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఫిల్మ్ అంటే ఒక్కసారే కొట్టాలి, ఫిలిం అంటే రెండుసార్లు. తెలిసిందా?" అన్నాను. పాప, "మా టీచర్..." అని ఏదో అనబోయింది. "నేను చెప్పింది విను," అన్నాను. "వెళ్ళి డాడీని అడుగు."

ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. అడిగిన వెంటనే అన్నాడు. పాప రెండుసార్లు కొట్టింది. "దట్స్ టూ, డాడీ!" అని కిచకిచ నవ్వింది. ఆయన మళ్ళీ అన్నాడు, జాగ్రత్తగా. మళ్ళీ రెండు. పాప కడుపు పట్టుకుని తివాచీ మీద దొర్లింది. తండ్రిని చూసి నవ్వవచ్చునని ఆ పిల్లకు ఆ రోజే తెలిసింది. నేర్పింది నేను.

ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు తీసుకున్నాక పాప ఏడో పుట్టినరోజుకు నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాం. బిర్యానీ తిని మగవాళ్ళు సినిమాల గురించి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన ఏదో అన్నాడు, అందులో ఆ మాట దొర్లింది. ఎక్కడో ఆడుకుంటున్న పాప పరిగెత్తుకొచ్చి, తండ్రి ఎదురుగా నిలబడి రెండు చప్పట్లు కొట్టింది. ఎవరికీ అర్థం కాలేదు. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మరీ వివరించాను. ఇక చూడండి. ఒకాయన, "ఏదీ బాస్, ఇంకోసారి," అన్నాడు. మా ఆయన అన్నాడు. చప్పట్లు. "ఇంకోసారి." ఈలోగా పిల్లలందరూ చేరారు. పదిమంది పిల్లలు వరసగా నిలబడి కొడుతుంటే ఆయన కూడా నవ్వుతూ నాలుగైదు సార్లు అన్నాడు. తర్వాత గిన్నెలు కడుగుతానని లోపలికి వెళ్ళాడు. వచ్చినవాళ్ళు వెళ్ళడానికి కోట్లు తొడుక్కునేదాకా బయటికి రాలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళలో బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి ఒక పెద్ద ఆంటీ ఉంది. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయన కంపెనీవాళ్ళకి లేని బాధ నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకేమిటి?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకు ఆ తర్వాత రెండేళ్ళు ఫోను చేయలేదు.

కిందటేడు ఆయన విభాగంలో షిఫ్ట్ లీడ్ పోస్టు పడింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అప్పటికే వేరే చోట్ల లీడ్‌లయ్యారు. ఈసారి తప్పితే మళ్ళీ తన పేరు ఎవరికీ గుర్తురాదని ఆయనకు తెలుసు. అన్నం ముందు కూర్చుని, "నాకు ఇది గావాలె," అన్నాడు. అంత సూటిగా ఆయన దేన్నయినా కోరడం పెళ్ళయ్యాక నేను అదే మొదటిసారి వినడం. పని రాకుండా అడుగుతున్నది కాదు. డ్రమ్ము తిరిగే చప్పుడు విని లోపల మాత్రలు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చెప్పగలిగిన మనిషి. ఇంటర్వ్యూలో ముగ్గురి ముందు పది నిమిషాలు మాట్లాడాలి. పూత ఎందుకు పెచ్చులూడుతుంది, ఊడకుండా ఏం చేయాలి, అదీ విషయం. ఆయన రాసుకున్న కాగితాలు తీసుకుని ఎర్ర పెన్నుతో ఆ మాట వచ్చిన చోటల్లా సున్నా చుట్టాను. సరిగ్గా ముప్పై వచ్చాయి.

మూడు వారాలు రోజూ భోజనం బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పాప ఎదుటి కుర్చీలో జడ్జి. ఆయన చదవాలి, పాప కొట్టాలి. రెండు చప్పట్లు పడితే మొదటి వాక్యం నుంచి మళ్ళీ చదవాలి. అలా కూడా రాకపోతే నేనే రంగంలోకి దిగాను. ఆయన నాలుక పైకి ఆనించి ల్ అంటుండగానే రెండు వేళ్ళతో పెదాలు పట్టి మూసేసేదాన్ని. మధ్యలో అచ్చు దూరడానికి సందు ఉండకూడదు, అదీ కిటుకు. ఒక్కోసారి గట్టిగా పట్టుకునేదాన్ని. గోరు తగిలి ఒకసారి పై పెదవి చిట్లింది. అక్కర్లేని బలం వాడానని నాకు అప్పుడే తెలుసు.

ఆ రోజే ఆయన పెదవి తుడుచుకుంటూ, "మా దగ్గర అందరు గట్లనే అంటరే," అన్నాడు.

నాకు తిక్కరేగింది. "మీ దగ్గర అంటారనేగా ఈ ఏడుపంతా! మీ దగ్గర ఎలా అంటారో వినడానికి పిలుస్తున్నారా ఇంటర్వ్యూకి? మీ దగ్గర గేదెలు కూడా అలాగే అరుస్తాయి. ఊరికే అన్నారా, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయాడు. పాప చేతులు రెండూ ఎత్తి పట్టుకుని కూర్చుని ఉంది. ఆ చేతుల వంక చూసి, చెప్పబోయింది మానుకున్నాడు. "సరే తియ్యి. ఎట్లనాలెనో చెప్పు," అన్నాడు.

ఇంటర్వ్యూ ముందు రోజుకు ఆ మాట ఆయనకు వచ్చేసింది. మాట ముందు ఒక క్షణం ఆగేవాడు, కాలవ దాటేముందు ఆగినట్టు. ఆగి, నాలుక సర్దుకుని, ఫిల్మ్ అనేవాడు. ఒక్క ముక్క. ముప్పై సున్నాలకూ ముప్పైసార్లు పాప ఒక్కొక్క చప్పటే కొట్టింది. నేను సేమ్యా పాయసం చేశాను.

మర్నాడు ఆయన ఇంటికి రాగానే ఎలా జరిగిందని అడిగాను. "గ్రాండ్," అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకు అర్థమంటూ లేదు. బాగున్నా గ్రాండే, చస్తున్నా గ్రాండే. "ఆ మాట?" అన్నాను. "ఒక్కసారి గూడ తప్పు పోలే," అన్నాడు.

తప్పు పోలేదు, పోస్టు పోయింది. వేరే విభాగం నుంచి ఎవరినో తెచ్చి పెట్టారు. ఆయన మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్ళాడు. నేను ఊరుకోలేదు. ఇంకేం పొరపాటు చేసి ఉంటారు, ఏ ప్రశ్న అడిగారు, ఏమని చెప్పారు, చేతులు కట్టుకుని కూర్చున్నారా అని నెల రోజులు తవ్వాను. నేను నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పాడు కాబట్టి లోపం నా వైపు లేదని తేల్చుకోవాలి నాకు.

కొన్నాళ్ళకు పాప ఐరిష్ పద్యం ఒకటి బట్టీపట్టాల్సి వచ్చింది. ఇక్కడి బళ్ళలో ఆ భాష అందరూ చదవాలి. రంగుల మీద పద్యం. నేను పుస్తకం తీసుకుని నీలానికి వాళ్ళ మాటను అక్షరాలు ఎలా ఉన్నాయో అలా, గోర్మ్ అని గట్టిగా చదివాను. పాప తలెత్తి నా వైపు చూసి రెండు చప్పట్లు కొట్టింది.

"ఇట్స్ టూ, మామ్. గొరుం."

ఎరుపు జ్యారగ్ అట. పేరు అనే మాట ఆనిం అట. రాతలో రెండు హల్లులూ అతుక్కునే ఉంటాయి, నోట్లో మాత్రం మధ్యకు ఒక అచ్చు వస్తుంది. దాన్ని హెల్పింగ్ వవెల్ అంటారని టీచర్ చెప్పిందట. సాయపు అచ్చు. అది పలక్కపోతే తప్పట. మా నాన్న బెంచీ ఎక్కించిన అచ్చును ఇక్కడ పద్యంలో పెట్టి నేర్పుతున్నారు. డాడీ అయితే మొదటిసారికే సరిగ్గా అన్నాడని పాప చెప్పింది.

"అది ఐరిష్‌లో. ఇంగ్లిష్‌లో అలా అనకూడదు," అన్నాను.

టీచర్ ఇంగ్లిష్‌లో కూడా ఫిల్లం అనే అంటుందని, క్లాసులో సగంమంది అలాగే అంటారని, పాప తన ఐరిష్ యాస ఇంగ్లిష్‌లో తాపీగా చెప్పింది.

"మరి ఇన్నేళ్ళూ డాడీని చూసి ఎందుకు నవ్వావు?"

"యూ టోల్డ్ మీ టు," అంది. అని పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది.

నాకు చురుక్కుమంది గానీ ఒప్పుకోలేదు. బడి వేరు, కంపెనీ వేరు అనుకున్నాను. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు అలా అనరని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆగస్టులో ఒక శనివారం ఫ్యాక్టరీవాళ్ళు ఉద్యోగుల కుటుంబాలను పిలిచి లోపలంతా తిప్పి చూపించారు. పూత గదిని అద్దాల వెనక నుంచి చూడాలి. పిల్లలకు వివరించే పని మా ఆయనకు అప్పగించారు. తెల్ల కోటు, నెత్తిన జాలీ టోపీ. ఇంగ్లిష్‌లో బాగానే మొదలుపెట్టాడు. ఈ డ్రమ్ము తిరుగుతుంటే మాత్రల మీద చిన్న తుంపర పడుతుంది, వేడిగాలికి ఆరిపోతుంది, అప్పుడు మాత్రకు ఒక... అని ఆగాడు. పిల్లలు ఎదురుచూశారు. ఆయన పెదాలు కదిలాయి. "జాకెట్ వస్తుంది," అన్నాడు.

"ఫిల్లం గురించి చెబుతున్నాడు," అని పక్కనుంచి ఒకావిడ అందించింది. పడమటి ఐర్లండ్‌లోని స్లైగో వైపు మనిషి, అరవైకి దగ్గరపడ్డది, ఆ విభాగం మొత్తానికి పెద్ద. పిల్లలు ముందుకు నడిచాక నన్ను పక్కకు పిలిచింది. చెప్పకూడదు గానీ అంటూనే చెప్పింది. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో తను ఒకతె అట.

"పనిలో ఉన్నప్పుడు వాగుతూనే ఉండేవాడు, అతని నోరు మూయించడం మా వల్ల అయ్యేది కాదు. ఆ రోజు గదిలో కూర్చున్నది ఎవరో వేరే మనిషి. ఫిల్లం అనే మాట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగిపోయాడు. అసలు విషయం తెలియక తడబడుతున్నాడేమో అనుకున్నారు మిగతా ఇద్దరూ. నేనేం చెప్పినా వినలేదు. ఫిల్లం గురించి అతనికి తెలిసినంత ఈ భవనంలో ఇంకెవరికీ తెలియదమ్మా. ఆ రోజు నుంచి పనిలో కూడా మాట తగ్గించేశాడు."

ఆవిడ ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు నాకు రెండు ముక్కలూ విడివిడిగా వినపడ్డాయి. వెనక నుంచి ఇంకెవరో అదే మాట అలాగే అన్నారు. మా దగ్గర అందరు గట్లనే అంటరే. ఆయన ఆ రోజు చెప్పింది నల్గొండ గురించి కాదు. ఈ అద్దం వెనక గది గురించి. పన్నెండేళ్ళలో ఆయన మాట ఎవరికీ తప్పుగా వినపడని చోటు ఈ దేశం మొత్తం మీద అదొక్కటే. అక్కడ ఆయన నోరారా మాట్లాడుకునేవాడు. పెదాలు పట్టుకోవడానికి నా వేళ్ళు అక్కడిదాకా వెళ్ళాయి.

వసంతంలో ఇంకో లీడ్ పోస్టు వస్తుందని ఆవిడ చెప్పింది. "ఈసారి మామూలుగా మాట్లాడితే చాలు, నేను చూసుకుంటాను," అంది.

తిరిగి వచ్చేటప్పుడు పాప ఫ్రెండు వాళ్ళ కారెక్కింది. మా కారులో మేమిద్దరమే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మొదలుపెట్టాను. తప్పంతా నాదేనండీ అన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "మీ దగ్గర అంటే మీ ఊరనుకున్నాను. ప్లాంటులో అని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంటవా?" అన్నాడు. కోపంగా కాదు. కొంచెం దూరం పోయాక మళ్ళీ ఆయనే అన్నాడు. "మంచిగనే నేర్పినవు. ఇప్పుడు రెండూ వస్తలేవు. నీ తీరు అందామంటే పాతది అడ్డమొస్తది. పాతది అందామంటే నీ వేళ్ళు యాదికొస్తయి. జాకెట్ అంటున్న, కోటు అంటున్న. మొన్న ఒకాయన అడిగిండు, ఆ మాట నీకు తెల్వదా అని."

నాకు ఏడుపు ఆగలేదు. నటన కాదు, నిజంగానే ఏడ్చాను. వసంతంలో పోస్టు వస్తుందని, దానికి అప్లికేషన్ వేయమని, ఈసారి ఎలా వస్తే అలా మాట్లాడమని బతిమాలాను. ఇక జన్మలో ఆయన మాటకు అడ్డుపడనని పాప మీద ఒట్టు వేశాను. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు సర్దుకున్నాడు. బిగుసుకుని ఉన్న మొహం కొంచెం వదులైంది.

"సరే, ఏస్త," అన్నాడు. "ఫారం ఎప్పుడిస్తరో అడుగుత."

"ఫార్మ్," అన్నాను.

అనాలని అనలేదు. ఏడుపు గొంతుతోనే, ముక్కు తుడుచుకుంటూనే అన్నాను. వేసిన ఒట్టుకు ఒక నిమిషం వయసు కూడా లేదు. ఆయన నా వైపు తిరగలేదు. రోడ్డు వంక చూస్తూ ఒక క్షణం ఆగాడు, నాలుక సర్దుకున్నాడు. "ఫార్మ్," అన్నాడు. ర్‌కూ మ్‌కూ నడుమ వెంట్రుక కూడా దూరదు, అంత శుభ్రంగా అన్నాడు. మొదటిసారికే వచ్చింది. నాకు సంతోషం కలిగింది. అరక్షణమే కావచ్చు, కానీ కలిగింది. అది దాచిపెట్టి మిగతాదంతా రాస్తే ఇదంతా అబద్ధమవుతుంది.

వసంతంలో పోస్టు పడింది. ఆయన వేయలేదు. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు నేను పై గదిలో ఉన్నప్పుడు కింద పాపతో ఏవేవో కబుర్లు చెబుతుంటాడు, మాటలు స్పష్టంగా వినపడవు గానీ గొంతు వినపడుతుంది. నేను మెట్లు దిగితే ఆగిపోతాడు.